లివర్ ఫ్లష్‌కు ముందు కావలసింది యాపిల్ రసం కాదు, కడుపు స్కాన్

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. మూడు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో, లివర్ ఫ్లష్ అనే పేరుతో ఇంటి దగ్గరే లివర్‌నూ, దాని కింద పైత్యరసం నిలవచేసే సంచి అయిన గాల్‌బ్లాడర్‌నూ శుభ్రం చేసుకునే పద్ధతి గురించి, ముఖ్యంగా దానికి ముందు చేసుకోవలసిన తయారీ గురించి, అరపేజీ వ్యాసం వచ్చింది. ఆరు రోజుల పాటు రోజుకు లీటరు చొప్పున యాపిల్ రసం తాగాలని, ఆ ఆరు రోజులూ నెయ్యి, వేపుళ్లు, చల్లని పదార్థాలు మానాలని, సెలవు కలిసివచ్చే శని, ఆదివారాలు చూసుకోవాలని, ఆ శనివారం మధ్యాహ్నం తర్వాత ఏమీ తినకుండా సాయంత్రం నుంచి విడతలుగా బేది ఉప్పు నీళ్లు తాగాలని, రాత్రి ఆలివ్ నూనెలో పండ్ల రసం కలిపి తాగి కుడి పక్కకు ఒత్తిగిలి కదలకుండా పడుకోవాలని అందులో రాశారు. తెల్లవారాక విరేచనంలో పడే ఆకుపచ్చని రాళ్లను జల్లెడ పట్టి లెక్కపెట్టుకోమని కూడా సలహా ఇచ్చారు. ఇంత వివరంగా రాసినవారు, ఈ పనికి పూనుకునే మనిషి కడుపులో అసలు రాళ్లు ఉన్నాయో లేవో, ఉంటే ఎన్ని, ఎంతెంతవి, ఎక్కడ ఉన్నాయి అన్న ప్రశ్న ఒక్కసారి కూడా వేయలేదు. ఆ ప్రశ్న వేయని తయారీ తయారీయే కాదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను వైద్యుణ్ని కాను. నగరంలోని ఒక జూనియర్ కళాశాలలో 31 ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. కాబట్టి రోగం సంగతి వచ్చిన చోటల్లా వైద్యులు చెప్పిందే నేనూ చెప్తాను. అయితే ఆదివారం ఉదయం జల్లెడలో తేలే ఆ ఆకుపచ్చని ఉండలు ఏమిటన్నది మాత్రం వైద్యం కంటే నా పాఠానికే దగ్గరగా ఉన్న విషయం.

ఈ పద్ధతిని నమ్మేవాళ్లను తెలివితక్కువవాళ్లని నేను అనను. నా వయసు వాళ్లందరికీ చిన్నప్పుడు ఏడాదికి ఒకటి రెండు సార్లు పరగడుపున ఆముదం తాగించిన రోజులు గుర్తుండే ఉంటాయి. ముక్కు మూసి గొంతులో పోసి, తర్వాత వేడినీళ్లో చారునీళ్లో తాగించి, సాయంత్రానికి పెసరకట్టు అన్నం పెట్టేవారు. కడుపు కడిగితే ఒళ్లు తేలికపడుతుందన్న నమ్మకం మన ఇళ్లలో ఇవాళ పుట్టింది కాదు. దానికి తోడు ఈ పద్ధతికి ఆరు రోజుల నియమం కూడా ఉంది. ఏది తినాలి, ఏది తినకూడదు, ఏ రోజున ఏ వేళకు ఏం తాగాలి అని ఒక దీక్షలాగా నడుస్తుంది. ఆరు రోజులు అంత నిష్ఠగా ఉన్న మనిషి ఏడో రోజున ఫలం కోసం చూడక మానడు, కనిపించిన దాన్ని ఫలం అనుకోకా మానడు. ఈ తయారీలో అన్నిటికన్నా బలంగా పనిచేసేది యాపిల్ రసం కాదని, ఆ ఎదురుచూపేనని నాకు అనిపిస్తుంది.

నా తోడల్లుడి విషయం చెప్పాలి. ఆయన వయసు 58. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు. పదేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి, రెంటికీ మాత్రలు వాడుతున్నారు. నిరుడు మార్చిలో వాళ్ల కార్యాలయం తరఫున చేయించిన ఆరోగ్య పరీక్షల్లో కడుపు స్కాన్ తీస్తే గాల్‌బ్లాడర్‌లో మూడు రాళ్లు కనిపించాయి, పెద్దది 11 మిల్లీమీటర్లు. అప్పటిదాకా ఆయనకు నొప్పి లేదు, వాంతి లేదు, జ్వరం లేదు. రిపోర్టు పట్టుకుని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే అక్కడి వైద్యుడు ఐదు నిమిషాలు కూడా మాట్లాడకుండా, వచ్చే వారమే ఆపరేషన్ చేసి గాల్‌బ్లాడర్ తీసేయాలని చెప్పి, ప్యాకేజీ వివరాల కోసం పక్క గదికి పంపించారట. నొప్పే లేని మనిషికి అంత తొందర ఎందుకని అడిగితే, లోపల పగిలితే ప్రాణం మీదికి వస్తుందన్నారట. ఆయన ఇంటికి వచ్చి, "అన్నయ్యా, వాళ్లు నా రాళ్లను చూడలేదు, నా ఇన్సూరెన్స్ కార్డును చూశారు" అన్నారు. ఆ మాటలో నిజం పాలు ఎంతో నాకు తెలియదు కానీ, ఆయనను ఆలివ్ నూనె సీసా దగ్గరికి తోసింది మాత్రం ఆ ఐదు నిమిషాలే. ఇంటి చిట్కాలను ఎగతాళి చేసే వైద్యులు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

ఆయనకు అక్కడ ఎవరూ చెప్పని విషయం ఒకటి ఉంది. ఏ బాధా పెట్టకుండా గాల్‌బ్లాడర్‌లో పడి ఉన్న రాళ్లకు సాధారణంగా ఏ చికిత్సా అక్కరలేదు. అలాంటి రాళ్లున్న వారిలో ఏడాదికి నూటికి ఒకరిద్దరికి, మహా అయితే ముగ్గురు నలుగురికి మాత్రమే నొప్పి మొదలవుతుందని, చాలామందికి జీవితాంతం ఏమీ కాదని వైద్యశాస్త్రమే చెబుతోంది. రాయి మరీ పెద్దదై మూడు సెంటీమీటర్లకు చేరినా, గాల్‌బ్లాడర్ గోడ సున్నం పట్టినట్టు గట్టిపడినా, లోపల పాలిప్ అనే కండ పెరుగుదల సెంటీమీటరు దాటి ఉన్నా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధి ఉన్నా నొప్పి లేకపోయినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. అవేవీ లేనివారు కత్తికీ నూనెకూ మధ్య ఏదో ఒకటి ఎంచుకోవలసిన అవసరమే లేదు. ఊరుకుని గమనించడం అన్న మూడో దారి ఎప్పుడూ ఉంది. దాని మీద ఎవరికీ రూపాయి లాభం లేదు కనుక దాని గురించి చెప్పేవాళ్లూ తక్కువ.

మేనెల రెండో వారంలో ఆయన తయారీ మొదలుపెట్టారు. యాపిల్ రసం డబ్బాలు సూపర్ మార్కెట్ నుంచి వచ్చాయి. ఆలివ్ నూనె మెడికల్ షాపులో దొరికే చిన్న సీసాలు నాలుగు తెచ్చుకున్నారు. పసిపిల్లల ఒంటికి రాయడానికి అమ్మే ఆ సీసాల మీద పైపూతకు మాత్రమే అని ఇంగ్లీషులో సన్నని అక్షరాలతో రాసి ఉన్న సంగతి నేను తర్వాత చూశాను. బేది ఉప్పు, అంటే ఎప్సమ్ సాల్ట్, మొక్కలు అమ్మే నర్సరీ నుంచి వచ్చింది. అది గులాబీలకూ టమాటా మొక్కలకూ మెగ్నీషియం కోసం వేసేది. తాగడానికి తయారుచేసింది కాదు. పద్ధతిలో చెప్పిన గ్రేప్‌ఫ్రూట్ మన దగ్గర సులువుగా దొరకదు కనుక నల్గొండ బత్తాయిలూ నిమ్మకాయలూ పిండారు.

శనివారం మధ్యాహ్నం నుంచి ఆయన ఏమీ తినలేదు. షుగరు మాత్ర మాత్రం, రోజూ వేసుకునేదే కదా అని, రాత్రి వేసుకున్నారు. విరేచనాలు పదిన్నరకు మొదలై తెల్లవారుజాము దాకా ఆగలేదు. మూడు గంటల వేళ బాత్‌రూమ్ గుమ్మం దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డారు. మా మరదలు నాకు ఫోన్ చేసి, "బావగారూ, ఒళ్లంతా చెమటలు, పిలిస్తే పలకడం లేదు" అంటే, ఇంట్లో ఉన్న మిషన్‌తో షుగరు చూడమన్నాను. 52కి పడిపోయి ఉంది. పంచదార నీళ్లు తాగించమని, 108కి ఫోన్ చేయమని చెప్పి నేను మల్కాజిగిరి నుంచి బయల్దేరాను. నేను చేరేసరికి ఆయన లేచి కూర్చున్నారు. సెలైన్ పెట్టించుకుని మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి, ఆ నీరసంలోనే ఎంతో సంతోషంగా ఒక హార్లిక్స్ సీసా నా చేతికిచ్చారు. అందులో 46 ఆకుపచ్చని ఉండలున్నాయి.

మా వాళ్లందరూ ఆ సీసాను చేతులు మార్చుకుంటూ చూశారు. నేను కూడా చూశాను, కానీ నా చూపు వేరు. ఆ ఉండలు నీళ్లలో తేలుతున్నాయి. ఒకదాన్ని తీసి పాత దినపత్రిక మీద పెట్టి వేలితో నొక్కితే మైనం ముద్దలా చితికి, కాగితానికి నూనె మరక పట్టింది. సీసాను వంటింటి గట్టు మీద పెట్టి భోజనానికి కూర్చున్నాం. మేనెల హైదరాబాదు సంగతి మీకు చెప్పనక్కరలేదు. మేం లేచేసరికి పై వరుస ఉండలు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి, సీసా అంచున పచ్చని జిడ్డు తేలింది. గాల్‌బ్లాడర్‌లో ఏర్పడే రాళ్లలో చాలావాటికి మూలమైన కొలెస్ట్రాల్ కరగడానికి సుమారు 148 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. పైగా మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అక్కడ ఏళ్ల తరబడి గట్టిగా నిలిచిన రాయి, అంతకంటే కొంచెం ఎక్కువున్న వంటింటి వేడికి కరిగిపోతుందా?

ఇంకొక చిన్న లెక్క కూడా వేశాను. ఆ ఉండలు సగటున ఒకటిన్నర సెంటీమీటరు వ్యాసం ఉన్నాయి. గోళం ఘనపరిమాణం కట్టే సూత్రం పదో తరగతి పిల్లలకు తెలిసిందే. ఒక్కోటి 1.75 మిల్లీలీటర్లకు పైగా వస్తుంది, 46 కలిపితే 80 మిల్లీలీటర్లు దాటుతుంది. పెద్దవాళ్ల గాల్‌బ్లాడర్ మొత్తం పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. సంచి కంటే సరుకు ఎక్కువన్నమాట. అవి లివర్‌లోంచి వచ్చాయని కొందరు సర్దిచెబుతారు. లివర్ లోపలి నాళాల్లో అన్ని రాళ్లుంటే ఆ నాళాలు ఉబ్బి, మార్చి నెల స్కాన్‌లోనే కనిపించి ఉండేవి.

ఈ ఉండల గుట్టు కొత్తగా నేను కనిపెట్టింది కాదు. 2005లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో న్యూజిలాండ్ నిపుణులు ఇద్దరు దీని గురించి చిన్న లేఖ ఒకటి ప్రచురించారు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్న నలభై ఏళ్ల మహిళ ఒకరు మూలికా వైద్యుడి సలహా మీద యాపిల్ రసం, కూరగాయల రసంతో ఉపవాసం ఉండి, 600 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె, 300 మిల్లీలీటర్ల నిమ్మరసం కొన్ని గంటల వ్యవధిలో తాగి, విరేచనంలో పడిన ఆకుపచ్చని ఉండలను దాచి తెచ్చి చూపించారు. వాటిని పరీక్షిస్తే స్ఫటిక నిర్మాణం లేదు, కొలెస్ట్రాల్ లేదు, పైత్యరసానికి రంగునిచ్చే బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు. 40 డిగ్రీల వేడిలో పది నిమిషాలు ఉంచితే పచ్చని నూనెగా కరిగిపోయాయి. వాటిలో 75 శాతం కొవ్వు ఆమ్లాలే. ఆలివ్ నూనెలోని ప్రధాన ఆమ్లమైన ఓలియిక్ ఆమ్లాన్ని, నిమ్మరసాన్ని సమపాళ్లలో కలిపి కొంచెం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చేర్చితే అలాంటి ఉండలే ప్రయోగశాలలోనూ తయారయ్యాయి, గాలికి ఆరబెడితే గట్టిపడ్డాయి కూడా. కడుపులోని ఎంజైములు నూనెను విడగొడితే కొవ్వు ఆమ్లాలు వస్తాయి, నిమ్మరసంలో పొటాషియం దండిగా ఉంటుంది, రెండూ కలిస్తే సబ్బు. ఇంటర్ పిల్లలకు ఏటా సపోనిఫికేషన్ అని నేను చెప్పిన పాఠమే ఇది. రాత్రి తాగిన నూనే పొద్దున్న సబ్బు ఉండలై బయటికి వచ్చింది. పచ్చదనం పైత్యరసానిది. అందుకే రాళ్లు లేనివాళ్లు ఈ నూనె తాగినా ఉండలు పడతాయి, ఎన్నిసార్లు తాగితే అన్నిసార్లు పడతాయి. ఇంకా రాళ్లు మిగిలి ఉన్నాయి కాబట్టి మూడు వారాలకోసారి మళ్లీ చేయాలన్న సూచన ఎక్కడి నుంచి పుట్టిందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఈ మాటలన్నీ చెప్పినా మా తోడల్లుడు నమ్మలేదు. "నువ్వు పాఠం చెబుతున్నావు అన్నయ్యా, నేను కళ్లారా చూశాను" అన్నారు. అయితే మళ్లీ స్కాన్ తీయించుకో, ఖర్చు నాది అన్నాను. జూన్ మొదటి వారంలో అదే కేంద్రంలో, అదే యంత్రం మీద తీయించాం. మూడు రాళ్లు మూడూ అక్కడే ఉన్నాయి, పెద్దది 11 మిల్లీమీటర్లే. ఆ కాగితం చూశాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మీ వ్యాసంలో ఉండవలసిన వాక్యం ఇదే సార్: మొదలుపెట్టే ముందు ఒక స్కాన్, అయిపోయాక ఒక స్కాన్. వైద్య పరీక్షల్లో అల్ట్రాసౌండ్ అంత తేలికైనది అరుదు. సూది లేదు, రేడియేషన్ లేదు. ఆరేడు గంటలు పరగడుపుతో వెళ్తే పావుగంటలో అయిపోతుంది. గాల్‌బ్లాడర్ రాళ్లను పట్టడంలో దాన్ని మించిన సులువైన సాధనం లేదు. ఈ పద్ధతిని ప్రచారం చేసేవారు జల్లెడ గురించి అంత రాసి, స్కాన్ గురించి ఎందుకు రాయరో మాత్రం ఆలోచించవలసిన విషయం.

ఉత్త సబ్బు ఉండలే అయితే నష్టమేముంది, తృప్తి కోసం చేసుకోనివ్వండి అని అనేవారున్నారు. నష్టం ఎక్కడుందో తెలియాలంటే లోపలి ఏర్పాటు కొంచెం తెలియాలి. లివర్ రోజుకు సుమారు ముప్పావు లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. భోజనం లేని వేళల్లో అందులో కొంత గాల్‌బ్లాడర్‌లో చేరి చిక్కబడుతుంది. కొవ్వు పదార్థం చిన్నపేగులోకి దిగగానే ఒక హార్మోన్ విడుదలై, గాల్‌బ్లాడర్ పిడికిలిలా ముడుచుకుని పైత్యరసాన్ని బయటికి నెడుతుంది. ఆరు రోజులు కొవ్వు మాన్పించి, ఆరో రాత్రి ఒక్కసారిగా అర గ్లాసుకు పైగా నూనె పోస్తే ఆ ముడుచుకోవడం బలంగానే జరుగుతుంది. లోపల నిజంగా రాళ్లుంటే ప్రమాదం అప్పుడే. సంచి నుంచి బయటికి వచ్చే నాళం వెడల్పు మామూలుగా మూడు నాలుగు మిల్లీమీటర్లు. మా తోడల్లుడి 11 మిల్లీమీటర్ల రాయి అందులోంచి జారి రాదు, వస్తే నోటి దగ్గర ఇరుక్కుంటుంది. చిన్న రాయి అయితే జారుతుంది, అది ఇంకా భయం. కింద పైత్యనాళమూ క్లోమం నుంచి వచ్చే నాళమూ కలిసే చోట అది అడ్డుపడితే కామెర్లు రావచ్చు, నాళంలో చీము పట్టవచ్చు, క్లోమం వాచి ప్యాంక్రియాటైటిస్ రావచ్చు. ఐదు మిల్లీమీటర్లకు లోపున్న రాళ్లతోనే ఈ క్లోమం వాపు ఎక్కువని వైద్యులు చెబుతారు. చిన్న రాళ్లు కదా, నూనెతో పోతాయిలే అని ధైర్యం చేసేవారు గమనించవలసిన విషయం ఇది.

ఇక బేది ఉప్పు. నాలుగు విడతల్లో తాగమన్నది మొత్తం నాలుగు పెద్ద చెంచాలు, దాదాపు 60 గ్రాములు. దాని పేరు మెగ్నీషియం సల్ఫేట్, ఏడు నీటి అణువులతో కలిసిన స్ఫటికం. బరువులో సుమారు పదో వంతు మెగ్నీషియం, అంటే ఆరు గ్రాములు. మనిషికి రోజుకు కావలసింది 400 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. అంటే పదిహేను రోజుల మెగ్నీషియం ఒక్క రాత్రిలో తాగుతున్నారు. అందులో చాలాభాగం ఒంటికి పట్టకుండా పేగులోనే ఉండి, చుట్టుపక్కల నీటిని తనలోకి లాక్కుని విరేచనం చేయిస్తుంది. దాని గుణమే అది. ఒంటికి పట్టిన కొద్దిభాగాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. మూత్రపిండాలు బాగా పనిచేయని మనిషిలో మాత్రం అది రక్తంలోనే పేరుకుని, కండరాలు చచ్చుబడి, బీపీ పడిపోయి, గుండె నెమ్మదించే దాకా వెళ్లవచ్చు. ఇదే మందును ప్రసూతి ఆసుపత్రుల్లో గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్, వచ్చిన గర్భిణులకు ఇంజెక్షన్‌గా ఇస్తారు, ఎందరినో కాపాడిన మందు అది. కానీ అక్కడ ప్రతిసారీ మోకాలి మీద తట్టి కాలు ఎగురుతుందో లేదో చూసి, మూత్రం ఎంత వస్తుందో కొలిచి, అప్పుడు గానీ తర్వాతి మోతాదు ఇవ్వరు. నర్సరీ ఉప్పు తాగేవారి మోకాలిని ఇంట్లో ఎవరు తడతారు?

లీటరు యాపిల్ రసంలో వంద గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటుంది. షుగరు ఉన్నవారికి ఆరు రోజులు అది పోసి, ఆరో రోజు మధ్యాహ్నం నుంచి పస్తు పెట్టడం రెండు వైపులా దెబ్బే. గ్లిమిపిరైడ్ వంటి షుగరు మాత్రలు వేసుకుని తిండి మానితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు వాడేవారికి ఆ విరేచనాలతో బీపీ ఇంకా పడిపోతుంది. గ్రేప్‌ఫ్రూట్ రసమైతే కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వంటి మందులు రక్తంలో పెరిగిపోయేలా చేస్తుంది. గర్భిణుల సంగతి వేరే చెప్పాలా? ఇవేవీ వ్యాసంలో లేవు. చల్లని నీళ్లు తాగకూడదని మాత్రం రెండు చోట్ల ఉంది.

మరొక విచిత్రం ఉంది. పస్తులతో, నూనె చుక్క లేని తిండితో వేగంగా బరువు తగ్గేవారిలో గాల్‌బ్లాడర్ ముడుచుకోవడం తగ్గి, పైత్యరసం నిలవపడి, కొత్త రాళ్లు పుడతాయన్నది బాగా రుజువైన విషయం. ఈ తయారీని మళ్లీ మళ్లీ చేసేవారు లేని రాళ్లను తెచ్చుకునే అవకాశం లేకపోలేదు.

సెప్టెంబరులో, ఒక పెళ్లి భోజనం తిన్న రాత్రి, మా తోడల్లుడికి కుడి డొక్కలో నొప్పి మొదలై వీపుకూ కుడి భుజానికీ పాకింది. పొద్దుటికి చలిజ్వరం. గాల్‌బ్లాడర్ వాచి చీము పట్టే దశకు వచ్చిందన్నారు. మేనెలలో చేసిన పని వల్లే ఇలా అయిందని నేను అనలేను, రాళ్లున్న వారెవరికైనా ఎప్పుడైనా రాగల ఇబ్బందే ఇది. కానీ జరిగింది ఒకటుంది. నొప్పి మొదలైన తర్వాత మొదటి పన్నెండు గంటలు ఆయన ఇంట్లోనే ఉన్నారు, ఎందుకంటే తన రాళ్లు పోలేదని జూన్‌లో స్కాన్ చూసి కూడా, కొన్నయినా పోయే ఉంటాయని, మెత్తబడే ఉంటాయని లోలోపల ఆశ మిగిలే ఉంది. ఈసారి వేరే ఆసుపత్రిలో, ఓపికగా మాట్లాడే వైద్యురాలి చేతుల మీదుగా ఆపరేషన్ జరిగింది. నాలుగు చిన్న గాట్లు, మూడో రోజు ఇంటికి. ఆ మూడు రాళ్లను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చారు. అవి ముదురు గోధుమ రంగులో, గోటికి గీత పడనంత గట్టిగా ఉన్నాయి. ఆ డబ్బాను కూడా వంటింటి గట్టు మీద ఉంచి చూశాం. కరగలేదు.

ఆపరేషన్ అంటే భయపడేవారికి రెండు మాటలు. గాల్‌బ్లాడర్‌ను మొదటిసారి కోసి తీసింది 1882లో, బెర్లిన్‌లో. చిన్న గాట్లతో తీసే ల్యాప్రోస్కోపీ పద్ధతి 1985లో ఐరోపాలో మొదలై, 1990కల్లా ముంబైలో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా చేతుల మీదుగా మన దేశానికి వచ్చింది. ఇవాళ ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ నిమ్స్‌లోనూ ఇది మామూలు ఆపరేషన్. పైత్యనాళంలో రాయి జారి ఇరుక్కుంటే కడుపు కోయకుండా నోటి ద్వారా గొట్టం పంపి తీసే ఈఆర్‌సీపీ పద్ధతికి మన హైదరాబాదు దేశదేశాల్లో పేరు తెచ్చుకుంది; ఆ విద్యలో పేరున్న మన నగర వైద్యులు డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. చిన్న కొలెస్ట్రాల్ రాళ్లను నెలల తరబడి వాడకంతో కరిగించే అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం అనే మాత్ర కూడా ఉంది. అందరికీ పనికిరాదు, మానేస్తే సగం మందికి ఐదేళ్లలో రాళ్లు తిరిగి వస్తాయి, అయినా అది నిజంగా రాయిని కరిగించే మందు. దాని పేరులోని అర్సో అంటే ఎలుగుబంటి; మొదట ఎలుగుబంటి పైత్యరసంలో కనుగొన్నారు కాబట్టి ఆ పేరు. ఎలుగుబంటి పేరున్న మాత్రను నమ్మనివారు ఆలివ్ నూనెను నమ్ముతున్నారంటే, తప్పు కొంత మాలాంటి సైన్సు పంతుళ్లది కూడా.

సంపాదకులకు నా విన్నపాలు రెండు. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం కొన్ని జబ్బులకు మందు ఉందని ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. ఆ జబ్బుల జాబితాలో గాల్‌బ్లాడర్ రాళ్లు, మూత్రపిండాల రాళ్లు పేరు పెట్టి ఉన్నాయి. మీరు వేసింది వ్యాసమే, ప్రకటన కాదు, ఒప్పుకుంటాను. అయితే అదే పేజీ అడుగున ఎప్సమ్ సాల్ట్, ఆలివ్ నూనె, సూచనల పుస్తకం కలిపిన కిట్టు ఫోన్ నంబరుతో సహా వచ్చింది. ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో మీ ప్రకటనల విభాగం ఒకసారి చూడాలి. రెండోది, ఆ వ్యాసం వచ్చిన చోటే, అంతే అక్షరాలతో, ఈ పని ఎవరు చేయనే కూడదో వేయండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, డెబ్బై దాటినవారు, స్కాన్‌లో రాళ్లు కనిపించినవారు. కుడి డొక్కలో నొప్పి ఐదారు గంటలు తగ్గకపోయినా, చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, మలం సుద్దలా తెల్లబడినా అదే పూట ఆసుపత్రికి వెళ్లాలని కూడా రాయండి. వైద్యుడు ఆపరేషన్ అంటే రెండో అభిప్రాయం అడిగే హక్కు ఉందని, అది వైద్యుణ్ని అవమానించడం కాదని కూడా ఒక వాక్యం చేర్చండి.

కొంచెం తొందరగా ప్రచురించమని కోరడానికి కారణం ఉంది. మీ వ్యాసం కత్తిరించి మా కాలనీ సంఘం నోటీసు బోర్డు మీద ఎవరో అంటించారు. నలుగురు కలిసి చేద్దామని మొన్న సోమవారం యాపిల్ రసం మొదలుపెట్టారు, వచ్చే శనివారం రాత్రికి నూనె. ఆ నలుగురిలో ఒకరి క్రియాటినిన్ 2.1, అంటే ఆయన మూత్రపిండాలు సరిగా పనిచేయడం లేదు. ఆయనతో నేను రెండుసార్లు మాట్లాడాను. పేపర్లో వచ్చింది కదా మాస్టారూ అంటున్నారు.

భవదీయుడు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్